వీపు మీదికి వెళ్లని స్టెతస్కోప్

వానాకాలంలో జలుబుతో మొదలైన అమ్మ దగ్గు పది రోజులైనా తగ్గలేదు. మెహిదీపట్నంలో ఒక చిన్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. డాక్టరు చీర కొంగు మీదే, ముందువైపు రెండు చోట్ల స్టెతస్కోప్ ఆనించి ఎక్స్‌రే రాశారు. అందులో కుడివైపు అడుగున నెమ్ము బయటపడింది.

ఎక్స్‌రే రాయడం తప్పు కాదు. స్టెతస్కోప్‌కి అందని నెమ్ము చాలానే ఉంటుంది. కానీ విన్నదేదో సరైన చోట వినాలి కదా.

ఆ చోటు తెలియాలంటే పక్కటెముకలు లెక్కపెట్టాలి. మెడ కింది గుంటలో వేలు పెట్టి ఐదు సెంటీమీటర్లు కిందికి జార్చండి. రొమ్ము ఎముక మీద అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కన అతుక్కునేది రెండో పక్కటెముక. మొదటిది కాలర్ బోన్ చాటున ఉంటుంది కాబట్టి లెక్క ఇక్కడి నుంచే. ఊపిరితిత్తి కొన కాలర్ బోన్‌కి రెండు మూడు సెంటీమీటర్లు పైదాకా వెళ్తుంది. పెద్దవాళ్లలో టీబీ ఎక్కువగా పట్టేది ఆ పైభాగాన్నే. (ఎర్రగడ్డ అనగానే మనకు పిచ్చాసుపత్రి జోకులే గుర్తొస్తాయి గానీ, ఛాతీ ఆసుపత్రి ఉన్నదీ అక్కడే.)

అసలు సంగతి వెనకవైపు ఉంది. ఊపిరితిత్తి లోబ్‌లనే భాగాలుగా ఉంటుంది. పై లోబ్‌నీ కింది లోబ్‌నీ విడదీస్తూ ఛాతీ వెన్నుపూసల్లో మూడోదాని దగ్గర మొదలయ్యే చీలిక ఏటవాలుగా దిగి ముందు ఆరో పక్కటెముకను చేరుతుంది. అంటే వీపంతా దాదాపు కింది లోబ్‌దే. ముందు పైన రెండు చోట్ల వింటే తెలిసేది పై లోబ్ సంగతి మాత్రమే. కుడివైపు మధ్య లోబ్‌ది ఇంకో తంటా. అది ముందువైపు, నాలుగు, ఆరు పక్కటెముకల మధ్య ఉంటుంది. ఆడవాళ్లలో సరిగ్గా రొమ్ము కింద.

ఇవన్నీ డాక్టర్లకు తెలియవని నేననను. బయట ఇరవై మంది, లోపల అడ్డు లేని గది. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించలేక కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోప్ పుట్టిందే మొహమాటంలోంచి. మేం వెళ్లిన క్లినిక్‌లో నెబ్యులైజర్ ఉంది, ఈసీజీ మిషన్ ఉంది, ఒక్క కర్టెన్ లేదు.

వారం తర్వాత మళ్లీ చూపించడానికి వెళ్లాం. డాక్టరు స్టెతస్కోప్ తీయకముందే అమ్మ స్టూలు మీద అటు తిరిగి కూర్చుంది.