బరువులు ఎత్తితే గురి తప్పుతుందా?

రెండు వారాలుగా మా విజయవాడ పేరెంట్స్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే ఐదుగురు పంపారు. ‘పోటీలున్న పిల్లల తల్లిదండ్రులకు హెచ్చరిక’ అని మొదలవుతుంది. బరువులు ఎత్తితే ఒళ్లు బిగుసుకుపోయి గురి తప్పుతుందట. ఎదిగే పిల్లలు పొట్టిగా ఉండిపోతారట. పాతకాలం దండీలు, బస్కీలు, ఎండలో పరుగు చాలట. చెమట ఎంత కారితే అంత ఫిట్‌నెస్ అట. చివరి వారం ప్రాక్టీస్ రెట్టింపు చేయాలట. జిమ్‌కి పంపితే పౌడర్లు తప్పవట. ఆటగాళ్లకు స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్, అంటే ఆటకు కావలసిన బలం, ఓపిక పెంచే శిక్షణ చేయించడమే నా పని కాబట్టి, ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు గురి సంగతి. ఇది రాసినాయన ఎప్పుడూ విల్లు లాగి ఉండడు. 50 పౌండ్ల కాంపౌండ్ విల్లు (చివర్లలో చక్రాలుండే రకం) లాగడమంటే 22 కేజీలకు పైమాటే. క్వాలిఫికేషన్ రౌండ్‌లో 72 బాణాలు వేయాలి. అంటే ఒక్క పూటలో ఒకటిన్నర టన్నుకు పైగా లాగినట్టు, వార్మప్ బాణాలు కాక. కాంపౌండ్‌లో పూర్తిగా లాగాక చక్రాల వల్ల చేతి మీద బరువు చాలావరకు తగ్గుతుంది. చక్రాలు లేని రికర్వ్ విల్లులో ఆ వెసులుబాటు కూడా లేదు, మొత్తం బరువు వేళ్ల మీదే ఆగాలి. ‘బరువులు ఎత్తించకండి’ అంటున్నారు సరే, ఆ పిల్ల చేతిలో ఉన్నదేమిటి మరి?

నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మొదటి నలభై బాణాలు చూస్తే వంక పెట్టలేం. యాభై దాటాక విల్లు పట్టుకున్న భుజం మెల్లగా చెవి వైపు లేచేది. లాగే మోచెయ్యి కిందికి జారేది. బాణాలు టార్గెట్ మధ్యనుండే పసుపు వదిలి, దాని చుట్టూ ఉన్న ఎరుపులోకి దిగేవి. ఇంట్లోవాళ్లేమో టెన్షన్ అన్నారు, ధ్యానం చేయించారు. నాకు మాత్రం అది వీపు అలిసిపోవడంగానే కనిపించింది. వారానికి రెండు రోజులు రోయింగ్ (బరువును ఒంటి వైపు లాగడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిలబడుతూ ఎత్తడం), భుజం చుట్టూ ఉండే చిన్న కండరాలకు రబ్బరు బ్యాండ్ పని పెట్టాం. నాలుగో నెలకి అరవయ్యో బాణానికి కూడా ఆ భుజం ఉన్నచోటే ఉంది. ధ్యానం ఇప్పటికీ చేస్తోంది, మంచిదే.

బిగుసుకుపోవడం అన్న భయం బాడీబిల్డర్ల ఫొటోలు చూసి పుట్టింది. ఆటగాళ్ల పని వేరు. తక్కువ రెప్స్ (ఒక విడతలో ఎత్తే సార్లు), ఎక్కువ బరువు, మధ్యలో రెండు మూడు నిమిషాల రెస్ట్. మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలది. ఉన్న కండనే మెదడు ఇంకాస్త బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. ఇక ఒళ్లు వంగకపోవడం అంటారా, కరణం మల్లీశ్వరిని గుర్తు చేసుకోండి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె స్నాచ్‌లో, అంటే నేల మీంచి ఒక్క ఊపులో తలపైకి, ఎత్తింది 110 కేజీలు. అది పూర్తిగా గొంతుక్కూర్చుని, చేతులు తలపైన చాచి పట్టుకునే బరువు. చీలమండ, తుంటి, భుజం, మూడూ వంగకపోతే ఆ భంగిమలో ఖాళీ కర్ర కూడా నిలవదు. బరువును పూర్తి కదలికలో ఎత్తితే కీళ్ల వంపు పెరుగుతుంది.

అసలు ఈ మెసేజ్ తిరగాల్సిన ఊరా మనది? కాంపౌండ్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి మూడు బంగారు పతకాలు తెచ్చిన జ్యోతి సురేఖ ఈ ఊరమ్మాయి. మన ఇండోర్ స్టేడియానికి ఎవరి పేరుంది? దండమూడి రాజగోపాల్ గారిది. ఆయన ఆడింది షటిల్ కాదు, వెయిట్‌లిఫ్టింగ్.

ఎత్తు పెరగరన్న మాటకి ఆధారం లేదు. ఎముకల చివర ఎదిగే భాగానికి దెబ్బ తగిలితే ప్రమాదమే, అది నిజం. కానీ పద్ధతిగా, పక్కన తెలిసినవాళ్లు ఉండి చేయించే బరువుల వల్ల పిల్లల ఎదుగుదల ఆగదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా చెబుతోంది. గోడ మీంచి దూకినప్పుడు పడే భారం నేను పన్నెండేళ్ల పిల్లాడికి ఇచ్చే బరువు కంటే చాలా ఎక్కువ. నా దగ్గర ఆ వయసు వాళ్లకి మొదటి నెల ఇనుప బార్ బదులు ప్లాస్టిక్ పైపే. పిల్లలు మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి. పక్కన ఎవరూ లేకుండా, ఫోన్లో వీడియో చూసి ఎంత ఎత్తగలమో పందెం కాసుకునే కుర్రాళ్ల విషయంలో మాత్రం మీ భయం న్యాయమే.

దండీలు, బస్కీల మీద నాకే కోపమూ లేదు. మొదలుపెట్టడానికి వాటంత చవకైనవి లేవు. చిక్కల్లా ఏమిటంటే, యాభై దండీలు తీసే కుర్రాడు వంద తీస్తే ఓపిక పెరుగుతుంది తప్ప బలం పెద్దగా పెరగదు. పైగా దండీ అంటే నెట్టడం, విలుకాడికి కావలసింది లాగడం. షటిల్ ఆడేవాళ్లకి నెట్ దగ్గర ఒంటికాలి మీద దూసుకెళ్లి, ఆగి, వెనక్కి రావాలి. ఆ ఆగడం దగ్గరే మోకాళ్లు పోతాయి. 2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక సమీక్ష వచ్చింది. 25 ప్రయోగాలు, 26 వేల మందికి పైగా మనుషులు. బలం పెంచే శిక్షణ తీసుకున్నవాళ్లలో గాయాలు మూడో వంతు కంటే తక్కువకి పడిపోయాయి. వట్టి స్ట్రెచింగ్‌తో అలాంటి లాభం కనిపించలేదు.

ఇక చెమట. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం నిలబడినా చెమట కారుతుంది, దాన్ని ఎవరూ ఫిట్‌నెస్ అనరు కదా. చెమట ఒంటిని చల్లబరచడానికి వచ్చే నీరు. కృష్ణా నది పక్కన ఉక్కపోతలో అది ఆరదు కాబట్టి చల్లబరిచే పనీ సగమే అవుతుంది. ఒంటి బరువులో రెండు శాతం నీరు పోయినా ఆట మీద ప్రభావం పడొచ్చు. అరవై కేజీల మనిషికి అది కేజీ రెండొందల గ్రాములు. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా తూకం వేసి చూడండి, మీకే తెలుస్తుంది. పిల్లలకి నీళ్లివ్వకుండా మధ్యాహ్నం పరిగెత్తించే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎండలో జరిగే పోటీకి ఒంటిని అలవాటు చేయాలంటే ఒకటి రెండు వారాలు కొంచెం కొంచెంగా, నీళ్లు తాగుతూ పెంచుకుంటూ పోవాలి. బరువు కేటగిరీ ఆటల్లో నీరు తీసేసేది తూకం కోసం, బలం కోసం కాదు. పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ రాత్రంతా కష్టపడి కూడా 100 గ్రాములు ఎక్కువ తూగింది, ఆనక నీరు తగ్గి ఆసుపత్రి పాలైంది.

చివరి వారం రెట్టింపు అన్నది మొత్తం మెసేజ్‌లో నన్ను ఎక్కువ భయపెట్టిన వాక్యం. కష్టపడిన రోజు ఒంటికి మిగిలేది అలసట. బలం ఆ తర్వాత విశ్రాంతిలో పైకి తేలుతుంది. అందుకే పోటీ ముందు పని తగ్గిస్తారు, దాన్నే టేపర్ అంటారు. ఈతగాళ్లు, పరుగువీరులు, సైక్లిస్టుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2007లో లెక్కగట్టారు. సుమారు రెండు వారాల పాటు పనిని 41 నుంచి 60 శాతం తగ్గించి, తీవ్రతను మాత్రం అలాగే ఉంచినప్పుడు ఫలితం బాగా వచ్చింది. అంటే బార్ మీద బరువు తీయం, సెట్లు (ఎత్తే విడతలు) తీసేస్తాం. నెల ముందే జిమ్ పూర్తిగా మాన్పిస్తే కష్టపడి తెచ్చుకున్న బలంలో కొంత పోటీ నాటికి జారిపోతుంది.

నేనూ ఒకసారి తప్పు చేశాను. మ్యాచ్ మూడు రోజుల్లో ఉందనగా ఒక కుర్రాడికి ఉత్సాహం కొద్దీ కొత్త రకం లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి దిగడం) చేయించాను. వాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాడు. రాత్రంతా రైలు ప్రయాణం చేసి వెళ్లి మొదటి రౌండ్‌లోనే తిరిగొచ్చాడు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటి నుంచి పోటీకి రెండు వారాల ముందు కొత్తది ఏదీ ముట్టుకోను.

పౌడర్ల గురించి రెండు ముక్కలు. ప్రోటీన్ పౌడర్ స్టెరాయిడ్ కాదు, అలాగని తప్పనిసరీ కాదు. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలతో చాలామందికి సరిపోతుంది. తెలియని డబ్బాలో నిషేధిత పదార్థం కలిసి ఉంటే మాత్రం డోప్ టెస్టులో దొరికేది మీ పిల్లాడే. ‘నాకు తెలియదు’ అన్నంత మాత్రాన బయటపడడు.

ఆ మెసేజ్ పంపిన ఐదుగురిలో ఒకాయన నిన్న ఫోన్ చేశారు. ‘సార్, పదిరోజుల్లో పోటీ ఉంది, మంగళవారం మావాణ్ణి పంపాలా వద్దా?’ అని. పంపండి అన్నాను. బరువు అదే, సెట్లు నాలుగుకి బదులు రెండు, ముప్పావు గంటలో ఇంటికొచ్చేస్తాడు.