సైజు మారిస్తే మీ సొమ్మేం పోయింది?

ఇప్పుడే బెంగళూరు చిక్‌పేటలోని యూనిఫామ్ షాపు నుంచి ఇంటికొచ్చాను. బ్యాగు కింద పడేసి నేరుగా ఇది రాస్తున్నాను. నీళ్లు తాగి కాసేపు కూర్చుంటే 'పోనీలే' అనిపిస్తుంది. ఎన్నోసార్లు అలాగే పోనిచ్చాను. ఈసారి పోనివ్వను.

మావాడు ఆరో తరగతి. ఈ ఏడాదే స్కౌట్స్‌లో చేరాడు. నవంబర్ 7న స్కౌట్స్ వ్యవస్థాపక దినం, ఆ రోజు స్కూల్లో జెండా కార్యక్రమానికి అందరూ పూర్తి యూనిఫామ్‌లో రావాలన్నారు. ఎక్కడ కొనాలో కూడా వాళ్లే చెప్పారు, ఒకే ఒక్క షాపు. చొక్కా 560, ప్యాంటు 590, టోపీ 160, బెల్టు 210, స్కార్ఫు, దానికి పెట్టే వాగిల్ కలిపి 130. మొత్తం 1,650 రూపాయలు కట్టి శనివారం తెచ్చాను. అక్కడ వేసి చూసుకోవడానికి గది లేదు. పిల్లాడి కొలత ఎంతని కూడా అడగలేదు. "ఏ క్లాసు? ఆరా? 30 సరిపోతుంది" అని సీలు వేసిన కవరు చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి తొడిగితే భుజాల దగ్గర పట్టేసింది. సెల్యూట్ చెయ్యమంటే చొక్కా మొత్తం ప్యాంటులోంచి పైకి లేచొచ్చింది. వాడు అద్దంలో చూసుకుని, "అమ్మా, చెయ్యి కిందికే పెట్టుకుంటాలే" అన్నాడు. స్కౌట్ సెల్యూట్ చెయ్యకుండా ఎలా ఉంటాడు?

ఈరోజు అరపూట సెలవు పెట్టి, మహదేవపుర నుంచి బయల్దేరి, మెజెస్టిక్‌లో మెట్రో మారి మళ్లీ వెళ్లాను. డబ్బు వెనక్కి ఇమ్మనలేదు. 30 తీసుకుని 32 ఇవ్వండి, ధరలో తేడా ఉంటే ఇస్తానన్నాను. ఓనర్ కవరు వంక చూసి, "ఓపెన్ మాడిదీరా, వాపస్ ఇల్ల మేడమ్" అన్నాడు, విప్పేశారు కాబట్టి వాపసు లేదని. కవరు విప్పకుండా పిల్లాడికి తొడిగి చూసేదెలా అని అడిగితే జవాబు లేదు. బిల్లు వెనక్కి తిప్పి ఎర్ర స్టాంపు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోము, మార్చము. అంతే, పక్క కస్టమర్‌తో మాటల్లో పడిపోయాడు. నేను అక్కడ ఇరవై నిమిషాలు నిలబడ్డాను. కౌంటర్ దగ్గర పనిచేసే కుర్రాడిది మా మదనపల్లె వైపే, మాటను బట్టి తెలిసిపోయింది. "నేనేం చేసేదక్కా, ఆయన ఒప్పుకోడక్కా" అని మెల్లగా అన్నాడు. ఆ పిల్లాడి మీద నాకేం కోపం లేదు.

ఇది రాస్తూ మధ్యలో లేచి టేపు పెట్టి కొలిచాను. ఈ 30 సైజు చొక్కా చంకల కింద అడ్డంగా పదహారు అంగుళాలుంది. మావాడి పోయినేడాది స్కూలు చొక్కా కూడా 30 సైజే, అది పద్దెనిమిది ఉంది. అంటే చుట్టూ చూస్తే నాలుగు అంగుళాల తేడా. మరి తప్పు పిల్లాడి ఒంటిదా, కుట్టినవాడిదా? లేబుల్ మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి కుడితే దాన్ని లోపమనే అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. ఎర్ర స్టాంపు కొట్టుకున్నంత మాత్రాన చట్టం చెరిగిపోదు. లోపం లేకుండా ఉత్తి సైజు తేడా అయితే చట్టం మనకు అంత గట్టిగా అండగా రాదు, ఒప్పుకుంటాను. అందుకే షాపువాళ్లు ముందుగానే మాట ఇవ్వాలి అంటున్నాను. ట్యాగు తెంపకుండా, ఉతక్కుండా పది రోజుల్లో తెస్తే సైజు మారుస్తాం అని బిల్లు మీదే రాసివ్వాలి. ఆ చొక్కా పాడయ్యేది కాదు, రేపు ఇంకో పిల్లాడికి అమ్ముడుపోయేదే. మారిస్తే మీ సొమ్మేం పోయింది?

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటుంది. స్కౌట్లు నేర్చుకునే నియమాలు తొమ్మిది. మావాడు రాత్రి భోజనాల దగ్గర వరసగా అప్పజెప్తాడు. మొదటిది, స్కౌట్ నమ్మదగినవాడు. ఎనిమిదోది, స్కౌట్ పొదుపరి. పిల్లలకు ఇవి నేర్పే స్కూలు, ఆ పిల్లల బట్టలు ఇలాంటి చోట కొనమని పంపిస్తుందా? నమ్మకం ఎక్కడుంది ఇందులో? పొదుపు ఎక్కడుంది? స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ అసలు యూనిఫామ్ ఎందుకు పెట్టాడు? ఉన్నవాడు, లేనివాడు అనే తేడా పైకి కనపడకూడదనే కదా. ఇంకో 560 పెట్టి రెండో చొక్కా కొనగలిగిన ఇంటి పిల్లాడు నిటారుగా నిలబడతాడు, కొనలేని ఇంటి పిల్లాడు చెయ్యెత్తడానికి భయపడతాడు. ఇక తేడా పోయిందెక్కడ?

మన దేశంలో స్కౌటింగ్ మొదలైంది ఈ బెంగళూరులోనే, 1909లో. అప్పట్లో మన పిల్లల్ని అందులో చేర్చుకోలేదు. అందుకే అనీబిసెంట్ 1916లో మద్రాసులో మన పిల్లల కోసం వేరుగా స్కౌట్ సంఘం పెట్టింది. మా మదనపల్లెలో కాలేజీ పెట్టింది కూడా ఆవిడే, 1915లో. ఆ ఊళ్లో పుట్టినదాన్ని కాబట్టి స్కౌట్స్ అంటే నాకు మొదట్నుంచీ గౌరవం. మా పాపను గైడ్స్‌లో, వీణ్ణి స్కౌట్స్‌లో చేర్పించింది కూడా నేనే, మా ఆయన కాదు.

పాప పేరు ఎత్తాక ఆ బూట్ల సంగతి చెప్పకుండా ఉండలేను. మూడేళ్లయింది, ఇప్పటికీ నాకు మింగుడుపడదు. అప్పుడూ స్కూలు చెప్పిన షాపే, అప్పుడూ నల్ల బూట్లు ఒక సైజు తక్కువిచ్చారు, అప్పుడూ 'మార్చం' అన్నారు. "వాడగా వాడగా వదులవుతాయి" అని పంపించారు. నేనూ నమ్మాను. ఆగస్టు 15న పాప ఆ బూట్లతోనే రెండు గంటలు నిలబడింది, మార్చ్ చేసింది. ఇంటికొచ్చాక సాక్స్ విప్పబోతే మడమకు అతుక్కుపోయి ఉంది. రక్తం. నీళ్లతో తడిపి మెల్లగా ఊడదీశాను. టీచర్‌కు చెప్పలేదా అమ్మా అంటే, "డబ్బులు పెట్టేశావు కదమ్మా, మళ్లీ కొనాల్సొస్తుందని" అంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. ఈరోజు కౌంటర్ దగ్గర నా గొంతు లేచింది చొక్కా కోసం కాదు, ఆ మడమ గుర్తొచ్చి.

మా చిన్నప్పుడు మదనపల్లెలో మా అమ్మ గుడ్డ కొని టైలర్‌కిచ్చేది. ఆయన లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి కుట్టేవాడు, పెరిగే పిల్ల కదమ్మా అని. ఏడాది తర్వాత విప్పి వదులు చేసిచ్చేవాడు, డబ్బులు కూడా తీసుకునేవాడు కాదు. ఈ చొక్కా లోపలికి తిప్పి చూశాను, కుట్టు పక్కన పావంగుళం కూడా వదల్లేదు. వదులు చేయించే దారి కూడా లేదు.

అసలు ఒకే షాపు ఎందుకు ఉండాలి? స్కౌట్ యూనిఫామ్ స్కూలుకొకటి ఉండదు. స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, ముదురు నీలం టోపీ, దేశమంతా ఒకటే. స్కూలుకు సంబంధించింది స్కార్ఫు రంగు మాత్రమే. ఆ స్కార్ఫు స్కూల్లో ఇవ్వండి, మిగతావి మాకు నచ్చిన చోట కొనుక్కుంటాం, లేదంటే కుట్టించుకుంటాం. కాదు, ఇక్కడే కొనాలి అంటారా? అప్పుడు సైజు మార్పించే బాధ్యత కూడా స్కూలే తీసుకోవాలి. దారి చూపించినవాళ్లు ఆ దారిలో ముల్లు గుచ్చుకుంటే మాకు సంబంధం లేదనకూడదు. పేరెంట్స్ గ్రూపులో ఈ మాట రాస్తే పదకొండు మంది విడిగా నాకు మెసేజ్ పెట్టారు, మాకూ ఇదే జరిగిందని. గ్రూపులో మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు. పిల్లల మీద టీచర్లకు కోపం వస్తుందని టెన్షన్. నాకూ ఉంది ఆ టెన్షన్. అయినా రాశాను.

రేపు పొద్దున 1915 నంబరుకు, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేస్తున్నాను. బిల్లు, టేపు పెట్టి తీసిన ఫోటోలు సిద్ధంగా ఉన్నాయి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. 560 రూపాయల కోసం ఇంత అవసరమా అని మా ఆయన అంటున్నాడు. అవసరమే.

కార్యక్రమానికి ఇంకా మూడు రోజులుంది. మహదేవపుర, కె.ఆర్.పురం వైపు ఎవరి దగ్గరైనా పెద్ద పిల్లలు వేసి వదిలేసిన 32 లేదా 34 సైజు స్కౌట్ చొక్కా ఉంటే చెప్పండి, పాతదైనా పర్వాలేదు, వచ్చి తీసుకుంటాను. నా దగ్గరున్న 30 చొక్కాను కేసు తేలేదాకా ఇవ్వలేను. తేలాక కూడా అది నా దగ్గరే మిగిలితే, సన్నగా ఉండే పిల్లాడెవరికైనా ఊరికే ఇచ్చేస్తాను. ముందు వేసి చూసుకుని, సరిపోతేనే తీసుకెళ్లండి.