టచప్ సీసా వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ టచప్ పెయింట్ సీసా వారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లన్నీ క్షేమం, ఎడమ వైపు వెనక డోర్లు తప్ప. తమరు కూడా ఏ అటక మీదో, ఏ కారు డిక్కీలో స్టెప్నీ పక్కనో, మూత బిగుసుకుపోయి క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

తమరితో నాకు సొంత తగాదా ఏమీ లేదు. చూస్తే కారు గీతలకి రంగు పూసే పది పదిహేను మిల్లీలీటర్ల ప్రాణి. మూతకే అంటుకుని ఓ చిన్న బ్రష్షు. డబ్బా మీద రెండు ఫొటోలు. ఎడమ ఫొటోలో ఘోరమైన గీత, కుడి ఫొటోలో అప్పుడే షోరూమ్ నుంచి దిగిన బానెట్. ఆ రెండు ఫొటోల మధ్య ఏం జరిగిందో మాత్రం తమరు ఎక్కడా చెప్పరు. ఈ లేఖ ఆ మధ్యలో జరిగేదాని గురించే.

ఆదివారం టిఫిన్లు అయ్యాక సెల్లార్‌లోకి దిగితే ఎవరో ఒకాయన గొంతుకూర్చుని కనిపిస్తారు. ఒక చేతిలో తమరు, ఇంకో చేతిలో ఫోన్ టార్చి. గీత ఎలా పడిందని అడిగితే మూడే జవాబులు వస్తాయి: ఆటో, ఆవు, బావమరిది. పక్కనే ఉన్న పిల్లరుకి అదే కారు రంగు, అదే ఎత్తులో, ఓ జానెడు మేర అంటుకుని ఉంటుంది. దాన్ని సాక్ష్యానికి ఎవరూ పిలవరు.

తమరి మూత తియ్యగానే జనం పోగవుతారు. ముందు వాచ్‌మన్ వస్తాడు.

"టచింగా సార్?"

"ఆఁ. చిన్నదేలే."

"చిన్నదేం సార్, కింద దాకా లాగేసింది. ఇదిగో, ఇక్కడ సొట్ట కూడా ఉంది. మీరు చూసుకోలేదా?"

చూసుకోలేదు. చూసుకున్నాక టెన్షన్. ఈలోపు మూడో అంతస్తు పెద్దాయన వాకింగ్ ఆపి దగ్గరికొస్తారు. "ముందు పేస్టు రాశావా బాబూ? పళ్లు తోముకునేదే. మా అల్లుడు ఫోన్‌లో చూపించాడు, చిటికెలో పోయింది." పేస్టులో ఉండేది సన్నటి గరుకు పొడి. పైపైన పడ్డ మసకని అది కాస్త అరగదీస్తుంది, నిజమే. గీత రంగు దాకా దిగితే మాత్రం పుదీనా వాసన తప్ప ఏమీ మిగలదు. ఈ మాట పెద్దాయనతో అనలేం కాబట్టి కారుకి పేస్టు రాస్తారు, తుడుస్తారు, ఆ తర్వాతే తమరి వంతు.

ఇక తమరి ప్రతాపం. తమరి బ్రష్షు గీత కంటే నాలుగింతలు లావు. మొదటి పూతకే రంగు గీత గట్లు దాటి పక్క పొలంలోకి పారుతుంది. కంగారుగా గుడ్డతో తుడిస్తే గీతలో ఉన్నది వచ్చేస్తుంది, బయట ఉన్నది పులుముకుంటుంది. రెండోసారి జాగ్రత్తగా ఒక్క బొట్టు పెడతారు. అది ఉబ్బెత్తుగా, గుండ్రంగా, గట్టిగా ఆరుతుంది. వెండి రంగు డోరు మీద అదంతా కలిసి చంటిపిల్ల బుగ్గన పెట్టిన దిష్టిచుక్కలా ఉంటుంది. అలా చూస్తే తమరు పని చేసినట్టే. ఇక ఆ కారు మీద ఎవరి కన్నూ పడదు, బంపరుకి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ నిశ్చింతగా విప్పేయొచ్చు.

ఇందులో తమరు దాచిన రహస్యం ఒకటుంది. ఈ కాలపు కార్లలో రంగు పొర ఆరాక మెరవదు, పాలిపోయినట్టు ఉంటుంది. మెరుపంతా దాని మీద వేసే క్లియర్ కోట్‌ది, అంటే రంగు లేని పారదర్శకపు పూతది. ఆ సంగతి తెలియని మనిషి "రంగు తేడా వచ్చింది" అని ఇంకో పూత, ఆపైన ఇంకో పూత వేస్తూ పోతాడు. క్లియర్ కోట్ సీసా వేరే కొనాలని డబ్బా మీద రాసే ఉంటుంది లెండి. భూతద్దం పెట్టి చూస్తే కనిపిస్తుంది.

రంగు తేడా అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. "తెలుపే కదండీ, ఏ తెలుపైతేనేం" అంటూ తమరిని కొనుక్కొచ్చేవాళ్లు మా సెల్లార్‌లోనే ఉన్నారు. తెలుపుల్లో ఎన్ని తెలుపులో లెక్కలేదు. అందుకే డోరు తెరిచినప్పుడు కనిపించే ఫ్రేము మీదో, బానెట్ కిందో ఓ స్టిక్కరు అంటించి రంగు కోడ్ ఇస్తారు. పెర్ల్ వైట్ అయితే అసలు ఒక సీసాతో తేలే వ్యవహారమే కాదు. చాలా వాటికి అడుగున తెలుపు, దాని మీద ముత్యపు మెరుపు పొర, ఆపైన క్లియర్. మెటాలిక్ రంగుల్లో సన్నటి అల్యూమినియం రేకు ముక్కలు ఉంటాయి. ఫ్యాక్టరీలో స్ప్రే గన్‌తో కొట్టినప్పుడు అవి బల్లపరుపుగా పరుచుకుంటాయి. తమరి బ్రష్షుతో పూసినప్పుడు ఎటు పడితే అటు పడుకుంటాయి. కోడ్ అక్షరం పొల్లుపోకుండా కలిసినా, ఒక పక్క నుంచి చూస్తే ముదురు, ఇంకో పక్క నుంచి చూస్తే లేత. దానికి తోడు తమరిలో ఉన్నది కారు పుట్టిననాటి రంగు. కారేమో రామగుండం ఎండల్లో ఏడెనిమిది వేసవులు కాగి ఉంటుంది. ఇద్దరికీ జాతకాలు కలవమంటే ఎలా కలుస్తాయి?

హెన్రీ ఫోర్డ్ గారి హయాంలో ఈ గొడవ లేదు. 1914 నుంచి దాదాపు ఒక పుష్కరం పాటు ఆయన మోడల్ టీ కార్లన్నీ నలుపే. 1920లలో డూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్‌తో కలిసి గంటల్లో ఆరిపోయే డ్యూకో లక్కర్ అనే పెయింట్ తెచ్చాక కార్లకి రకరకాల రంగులొచ్చాయి. వెనకే తమరూ వచ్చారు.

అసలు జనం తమరి దగ్గరికి ఎందుకొస్తారో తమరికి తెలుసా? తమరి అందం చూసి కాదు. ఇన్సూరెన్స్ లెక్క చూసి. ఒక ఏడాది క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన కారుకి తగిలే దెబ్బల కోసం కట్టే భాగంలో, 20 శాతం తగ్గింపు, అలా పెరుగుతూ ఐదేళ్లకి 50 శాతం. ఒక్క గీతకి క్లెయిమ్ పెడితే ఆ తగ్గింపు మళ్లీ మొదటికి. పైగా 1500 సీసీ లోపు కారైతే మొదటి 1,000 రూపాయలు ఎలాగూ మన జేబులోంచే. ఆటోనగర్ మేస్త్రి దగ్గరికెళ్తే ఆయన గీత వైపు కన్నెత్తి కూడా చూడడు. "ప్యానెల్ మొత్తం కొట్టాలి సార్" అంటాడు. దోపిడీ అనుకుంటాం గానీ ఆయన చెప్పేది నిజమే. రంగు తేడా కంటికి దొరక్కుండా ఉండాలంటే చుట్టూ పల్చగా కలుపుకుంటూ పోవాలి, క్లియర్ మాత్రం అంచు నుంచి అంచు దాకా కొట్టాలి. గీత జానెడే అయినా పని డోరంత. ఆ డోరంత బిల్లు విన్నాక, మూడు నాలుగు వందల తమరు దేవుడిలా కనిపిస్తారు.

సరే, తమరి డబ్బా మీద తమరు రాయని రెండు మాటలు నేను రాస్తాను. గీత మీద నీళ్లు పోసి చూడాలి. తడిగా ఉన్నప్పుడు మాయమై, ఆరగానే తిరిగొస్తే అది క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు. గోరు అడ్డంగా లాగితే గోరు ఆగకపోతే కూడా అంతే. అలాంటి గీతకి తమరితో పనే లేదు, పైపొరని సన్నగా అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ చాలు. అదీ చెయ్యి ఆపుకుని రుద్దాలి. కారు మీదున్న పొరలన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. ప్రతి ఆదివారం మెరుపు తెప్పిస్తానని రుద్దేవాళ్లు ఆ వాటాని కరగదీస్తున్నారన్నమాట. తమరు ఈ నీళ్ల పరీక్ష సంగతి డబ్బా మీద వేస్తే తమరి బేరం సగం పడిపోతుంది, అందుకే వేయరని నా అనుమానం.

మా వాచ్‌మన్ బకెట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే బకెట్, ఒకే గుడ్డ, వరసగా అన్ని కార్లు. మొదటి కారు ఇసుక ఆఖరి కారు దాకా ప్రయాణం చేస్తుంది. ఎండలో చూస్తే బానెట్ల మీద కనిపించే సాలెగూటి గీతలు ఆ గుడ్డ చలవే. పిల్లలు దుమ్ములో వేలితో రాసే "నన్ను కడగండి" కూడా, కడిగాక చూడండి, అక్షరాలు చదువుకోవచ్చు.

ఇక పెచ్చులూడే కార్లు. ఇక్కడ మాత్రం నాకు నిజంగానే కోపం. టాప్ మీదా బానెట్ మీదా ఎండకి క్లియర్ కోట్ చచ్చిపోయి, తెల్లగా పొలుసులు లేచిన కారుకి కూడా తమరు "నేనున్నాను" అంటారు. లేచిన అంచు మీద ఎంత పూసినా కింద పొర ఊడుతూనే ఉంటుంది, పూసినదాన్ని కూడా వెంటబెట్టుకుని ఊడుతుంది. గట్టిగా ఉన్న చోటు దాకా వాటర్ పేపర్‌తో, అదే తడిపి రుద్దే గరుకు కాగితంతో, తీసేసి, ఆ ప్యానెల్ మొత్తానికి మళ్లీ కొట్టించడం ఒక్కటే దారి. తమరి పదిహేను మిల్లీలీటర్లు అక్కడ కాకిరెట్ట తుడవడానికి కూడా చాలవు. అన్నట్టు ఆ రెట్టని కూడా ఎండలో ఆరనిస్తే క్లియర్ కోట్‌ని తినేస్తుంది. కనిపించిన వెంటనే తడిగుడ్డ వేసి నాననిచ్చి తీయాలి.

ప్యానెల్ మొత్తం అనగానే కొందరు తమరి అన్నగారిని, అదే స్ప్రే డబ్బాని, తెచ్చుకుంటారు. డోరు కొడితే పక్క స్కూటీ సీటు కూడా రంగు తేలుతుంది. దానికి పోట్లాటతో సరిపోతుంది. రంగుని గట్టిపరిచే హార్డెనర్ కలిసే టూ-కే డబ్బాలతో మాత్రం చెలగాటం వద్దు. వాటిలో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి చేటు, ముక్కుకి కట్టుకునే చేతిరుమాలు వాటిని ఆపదు. గాలాడని సెల్లార్‌లో, పిల్లలు సైకిళ్లు తొక్కే చోట, అది చేయాల్సిన పని కాదు.

ఇంత తిట్టాక తమరి గొప్పతనం కూడా చెప్పకపోతే పాపం. తమరు పుట్టింది గీతల్ని మాయం చేయడానికి కాదు, తుప్పుని ఆపడానికి. హైవే మీద లారీ టైరు ఎగరేసిన కంకర రాయి బానెట్ అంచున కొట్టి ఆవగింజంత రంగు లేపేస్తుంది. ఇనుము బయటపడుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో దానికి ఇక పండగే. ముందు ఎర్రటి చుక్క, తర్వాత చుట్టూ రంగు కిందనుంచి బుడగలు. ఆ ఆవగింజని శుభ్రం చేసి, తుప్పుంటే గీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, ఇనుము కనిపిస్తుంటే ప్రైమర్ అనే అడుగు పూత చుక్క వేసి, తమరి బ్రష్షు పక్కన పడేసి టూత్‌పిక్ మొనతో కొంచెం కొంచెంగా, ఆరనిస్తూ నింపితే చాలు. అందంగా ఉండదు. నీళ్లు లోపలికి పోవు. అందం కూడా కావాలంటే క్లియర్ వేసి, కొన్ని రోజులు గట్టిపడనిచ్చి, 2000 నంబరో 3000 నంబరో వాటర్ పేపర్‌ని సబ్బు నీళ్లలో తడిపి మెల్లగా రుద్ది, కాంపౌండ్ పట్టించాలి. అంత ఓపిక ఉన్నవాళ్లని నేను సెల్లార్‌లో చూడలేదు.

చిత్రం ఏమిటంటే, ఆ ఆవగింజ కోసం తమరిని ఎవరూ కొనరు. అది ఎదురింటి వాళ్లకి కనిపించదు కదా! డోరు అడుగున, చక్రాల పైన గుల్ల చేస్తున్న తుప్పుని వదిలేసి, నీళ్లు తగిలినా తుప్పు పట్టని ప్లాస్టిక్ బంపరు మీది గీతకి పొద్దంతా పూజలు చేస్తారు. బావగారు పండక్కి వచ్చేలోపు అది కనబడకూడదు, అంతే. తమరూ ఆ బావగారిని నమ్ముకునే వ్యాపారం చేస్తున్నారు.

కనుక తమరికి నా విన్నపం: డబ్బా మీద ఆ కుడి వైపు ఫొటో తీసేయండి. దాని బదులు ఓ బానెట్ అంచు, దాని మీద కాస్త ఉబ్బెత్తుగా, కాస్త రంగు తేడాగా ఓ చుక్క, కింద "తుప్పు రాదు" అని రెండు మాటలు వేయండి. బేరాలు తగ్గుతాయి, తిట్లు కూడా తగ్గుతాయి. క్లియర్ కోట్‌ని తమరితోనే కలిపి అమ్మండి. ఆ బ్రష్షుని మాత్రం ఏ గేటుకి రంగు వేసేవాళ్లకో ఇచ్చేయండి.

ఇట్లు,
తమ శ్రేయోభిలాషి,
సెల్లార్‌లో పిల్లరు పక్క పార్కింగ్ వచ్చిన ఒక ఫ్లాట్ వాసి

తా.క.: మూత గట్టిగా బిగించుకుని కూర్చోండి. మిగిలిపోయిన తమరి కోసం రెండో అంతస్తు ఆయన ఇప్పుడే బెల్లు కొట్టారు. వాళ్ల కారు వేరే కంపెనీదట, కానీ అదీ తెలుపేనట.