తేదీ అడిగిన కెమెరా

నిన్నటి సంగతి. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

ఫోన్ ఎప్పటికీ అసలు కెమెరాకు సాటి రాదని బావమరిదితో పంతం వేసుకున్నాను. పంతం ఎందుకు వచ్చిందో, బీరువా అడుగునున్న పాత డిజిటల్ కెమెరాకు చార్జర్ ఏ డబ్బాలో దొరికిందో వదిలేయండి. ముప్ఫైమంది చుట్టాలు మూడు వరుసల్లో నిలబడ్డారు. నవ్వమన్నాను. నవ్వారు. మీట నొక్కాను.

కెమెరా నన్ను తేదీ అడిగింది.

ఈ కెమెరాల్లో గడియారం కోసం లోపల ఓ చిన్న సెల్ ఉంటుంది. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే అదీ ప్రాణం విడుస్తుంది. తెర మీద 2009 జనవరి 1 అని ఉంది. బాణం మీట ఒక్కసారి నొక్కితే ఒక్క ఏడాది. ఫోటో తీసుకునేవాడికి తేదీతో ఏం పని? ఇదేమైనా జనన ధ్రువపత్రమా? (మెనూ నొక్కి ఆ ప్రశ్న దాటేయొచ్చని రాత్రి మాన్యువల్‌లో చదివాను. అది వేరే బాధ.) కంగారులో 2034కి వెళ్లిపోయాను. వెనక్కి రావాలి. ఈలోగా నవ్వులు కళ్లలోంచి దిగిపోయి పెదాల దగ్గర ఆగాయి. తర్వాత బుగ్గలు వణికాయి. పెదమామయ్య కట్టుడు పళ్లు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరాకు ఒక్క ఫోటోను క్యాసెట్‌లోకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ మనిషి నాకంటే నయం.

పరువు కోసం ఉపన్యాసం ఎత్తుకున్నాను. "ఫోన్ నాలుగైదు ఫోటోలు తీసి, కలిపి, వండి వారుస్తుంది. అసలు కెమెరాది పెద్ద సెన్సర్, అంటే వెలుతురు పట్టే చిప్పు. నిఖార్సైన వెలుతురు!" వెనక వరుసలోంచి ఓ కుర్రాడు, అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పే రకం, "మామయ్యా, నీ కెమెరా సెన్సర్ వెడల్పు 6.17 మిల్లీమీటర్లే. బాబాయ్ ఫోన్‌ది 13.2" అన్నాడు. నేను చెప్పింది 36 మిల్లీమీటర్ల సెన్సరున్న పెద్ద కెమెరాల గురించి. చేతిలో ఉన్నది జేబు కెమెరా అని ఆవేశంలో మరిచాను.

తేదీ కుదిరింది. మళ్లీ నొక్కాను. మెమరీ కార్డు లేదంది.

అప్పటికే బావమరిది పక్కనుంచి ఫోన్‌తో ఓ ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టేశాడు. పోర్ట్రెయిట్ మోడ్. ముప్ఫైమందీ మసక మసగ్గా ఉన్నారు. మధ్యలో నేనొక్కణ్ణే, కెమెరాలోకి తలదూర్చి, గీసినట్టు స్పష్టంగా ఉన్నాను. అయితే ఫోన్‌గారి తెలివి నా ఎడమ చెవిని వెనక గోడలో కలిపేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "నా చెవి ఏదీ? అసలు కెమెరా చెవులు మింగుతుందా?" అని వెంటనే గ్రూపులో పెట్టాను.

"ఇవాళ తేదీ ఎంత బావా?" అని జవాబొచ్చింది.