నరకం విషయంలో బైబిలు చూపిన పిసినారితనం

నరకం గురించి బైబిలు ఇచ్చే సమాచారం అంత పెద్ద గ్రంథానికి తగినంతగా లేదన్న సంగతిని మన బోధకులు మర్యాద కొద్దీ ఇన్నాళ్లూ బయట పెట్టలేదు. ప్రత్యక్షపు గుడారపు తెర ఒక్కొక్కటి ఇరవై ఎనిమిది మూరల పొడవు ఉండాలని నిర్గమకాండం చెబుతుంది. ఇంటి గోడకు పొడ పట్టితే యాజకుడు ఏడవ రోజున వచ్చి మళ్లీ చూడాలని లేవీయకాండం చెబుతుంది. నరకం పొడవు వెడల్పులు మాత్రం ఏ కాండంలోనూ లేవు. ద్వారపాలకుల పేర్లు లేవు, ఏ పాపానికి ఏ శిక్షో తెలిపే పట్టిక లేదు, సలసల కాగే నూనె అసలే లేదు. పక్కింటివారి గరుడ పురాణంలో ఇవన్నీ వరుస తప్పకుండా ఉండగా, మన గ్రంథంలో ఇంత ఖాళీ ఉండటం ఆత్మాభిమానం గల ఏ విశ్వాసికైనా బాధ కలిగించే విషయమే.

పాత నిబంధన సంగతి మరీ అన్యాయం. యోసేపు చనిపోయాడని నమ్మిన యాకోబు, ఏడుస్తూనే నా కుమారుడి దగ్గరికి పాతాళానికి, అంటే చచ్చినవారి లోకానికి, దిగిపోతానంటాడు. భక్తుడైన తండ్రి, నీతిమంతుడైన కొడుకు ఇద్దరూ చేరేది పాతాళమేనట. ఆ మాట అన్నందుకు ఆయనను ఎవరూ మందలించలేదు. బాధలు పడలేని యోబు తనను పాతాళంలో దాచిపెట్టమని దేవుణ్ణే వేడుకుంటాడు. చచ్చినవారు ఏమియు ఎరుగరని ప్రసంగి కొట్టిపారేస్తాడు. ఏన్దోరులో కర్ణపిశాచిగల స్త్రీ ద్వారా సౌలు రాజు చనిపోయిన సమూయేలును పైకి రప్పించినప్పుడు, ఆ మహా ప్రవక్త అగ్ని గురించి గాని పరదైసు గురించి గాని ఒక్క ముక్క చెప్పకుండా, నన్నెందుకు కదిలించావని విసుక్కుని, రేపు నువ్వూ నీ కుమారులూ నాతో కూడ ఉంటారని ముగిస్తాడు. దేవుడు ఏర్పరచుకున్న ప్రవక్తకూ దేవుడు తోసివేసిన రాజుకూ వేర్వేరు వరుసలు కూడా లేని పరలోక పరిపాలన ఎంత అస్తవ్యస్తంగా ఉండేదో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. దానియేలు గ్రంథం పన్నెండవ అధ్యాయం దాకా వస్తే గాని, కొందరు నిత్యజీవానికీ కొందరు నిత్య నిందకూ మేల్కొంటారన్న ఊరట మనకు దొరకదు. అప్పటికి గ్రంథం మూడు వంతులు దాదాపు అయిపోయింది.

కొత్త నిబంధనలోనైనా పరిస్థితి చక్కబడుతుందని ఆశపడతాం. మన బైబిలులో నరకం అని అనువదించిన గెహెన్నా అనే మాట యేసు అన్నప్పుడు ఆయన శ్రోతలకు గుర్తొచ్చింది భూగర్భంలోని కొలిమి కాదు. యెరూషలేము గోడలకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. ఆహాజు, మనష్షే అనే యూదా రాజులు తమ కుమారులనే అగ్నికి అర్పించిన చోటు అది. తరువాత యోషీయా రాజు ఆ స్థలాన్ని అపవిత్రం చేసి ఆ ఆచారాన్ని ఆపించాడు. ఆ లోయలో బిడ్డలను కాల్చడం గురించి యిర్మీయా ద్వారా దేవుడు, నేను అలా ఆజ్ఞాపించలేదు, ఆ తలంపే నాకు తోచలేదు అంటాడు. మనుషులను నిప్పులో కాల్చడం తన మనసుకే రాలేదని దేవుడు స్వయంగా ప్రకటించిన వాక్యం ఇలా చేతికందే చోట ఉండటం కొంత ఇబ్బందికరమే గనుక, ఆ వాక్యంపై ప్రసంగం వినిపించకుండా మన బోధకులు చూపిన జాగ్రత్తను మెచ్చుకోవాలి. వారు దానికి బదులు, ఆ లోయ ఎప్పుడూ మండుతూ ఉండే ఊరి చెత్తకుప్ప అని చెబుతారు. ఈ చెత్తకుప్ప కథ మనకు కనబడేది 1200 ప్రాంతంలో దావీదు కిమ్హి అనే యూదు పండితుడి వ్యాఖ్యానంలో. యేసు నాటికి పన్నెండు వందల ఏళ్ల తరువాత.

ఆ లోయ నేటికీ ఉంది. గడ్డి, చెట్లు ఉన్నాయి. అంచున సినిమాటెక్ అనే సినిమా కేంద్రం ఉంది, సుల్తాను కొలనులో సంగీత కచేరీలు జరుగుతాయి, 2023లో పైన ఒక వేలాడే వంతెన కూడా కట్టారు. యెరూషలేము యాత్రకు వెళ్లే క్రైస్తవులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్థిక సాయం ఇచ్చిన సంగతి తెలిసిందే. పరలోకానికి చేర్చే పథకాలను ఏ ప్రభుత్వమైనా ప్రకటిస్తుంది. నరకాన్ని కళ్లారా చూపించి, ఫొటోలు తీయించి, క్షేమంగా గన్నవరం చేర్చిన ఖ్యాతి మాత్రం మనదే.

స్థలం పోతే పోయింది, అక్కడికి వెళ్లేవారి జాబితాలోనైనా ఔచిత్యం ఉండవలసింది. ఇక్కడే బైబిలు మనల్ని నిలువునా ముంచింది. కొత్త నిబంధనలో గెహెన్నా పేరు పన్నెండు సార్లు వస్తుంది. పదకొండు సార్లు యేసు నోట, ఒకసారి యాకోబు పత్రికలో. ఈ పన్నెండులో ఒక్కటైనా అన్యజనుల మీదికి, విగ్రహారాధకుల మీదికి, లేదా కనీసం ఎదురు వీధిలోని వేరే సంఘం వారి మీదికి గురిపెట్టి ఉంటుందని వెతికితే నిరాశే మిగులుతుంది. కొన్ని సొంత శిష్యులకే చెప్పినవి: నీ చెయ్యి నిన్ను అభ్యంతరపరిస్తే, అంటే పాపంలో పడేస్తే, నరికివెయ్యి, రెండు చేతులతో నరకానికి పోవడం కంటే అదే మేలు అని. మరికొన్ని శాస్త్రులకూ పరిసయ్యులకూ, అంటే వాక్యం చెప్పి బతికేవారికి. ఒకరిని మతంలో కలుపుకోవడానికి సముద్రాన్నీ భూమినీ చుట్టివచ్చి, కలిసినవాణ్ణి మీకంటే రెండంతలు నరకపాత్రుడిగా చేస్తున్నారని ఆయన వారితో అన్నాడు. ఈ వాక్యాన్ని మిషనరీ నిధుల సేకరణ ఆదివారం నాడు చదివిన సంఘం ఉంటే, దాని ఆర్థిక స్థితి గురించి నాకు నిజంగా ఆందోళనగా ఉంది.

కొండమీది ప్రసంగంలో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. సహోదరుణ్ణి చూసి "ద్రోహీ" అన్నవాడు నరకాగ్నికి లోనవుతాడని మన తెలుగు బైబిలు స్పష్టంగా చెబుతుంది. దేశద్రోహి, కులద్రోహి, పార్టీ ద్రోహి అనకుండా రోజు గడవని మన ఉభయ రాష్ట్రాల్లో ఈ ఒక్క వచనాన్ని అక్షరాలా అమలు చేస్తే టీవీ చర్చల్లో వ్యాఖ్యాత ఒక్కడే మిగులుతాడు. అతడూ మొదటి విరామం దాకానే. యాకోబు పత్రిక ఇంకాస్త ముందుకు వెళ్లి, నరకం చేత రాజుకునే అవయవం నాలుక అని తేల్చింది. నాలుకే పెట్టుబడిగా గల వృత్తుల్లో ఉన్నవారంతా, అంటే బోధకులూ నాయకులూ వ్యంగ్య వ్యాసకర్తలూ, దీనిపై ఒక ఉమ్మడి ప్రతినిధి బృందాన్ని పంపడం మంచిది. అన్యజనుల మధ్యే జీవితమంతా తిరిగిన పౌలు తన పత్రికల్లో గెహెన్నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంతటి ఆయుధాన్ని ఇంటి దగ్గరే వదిలేసి మధ్యధరా సముద్రం చుట్టూ సువార్త ప్రకటించిన ఆయన ఇవాళ మన పట్టణంలో ఒక సభకు వక్తగా వస్తే, రెండో రోజు పిలుస్తారని నేననుకోను.

మత్తయి ఇరవై అయిదవ అధ్యాయంలోని మహా తీర్పు ప్రశ్నపత్రం మరీ విడ్డూరం. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, దప్పిగొన్నవాడికి నీళ్లిచ్చావా, పరదేశిని చేర్చుకున్నావా, బట్టలు లేనివాడికి బట్టలిచ్చావా, రోగినీ చెరసాలలో ఉన్నవాణ్ణీ చూడడానికి వెళ్లావా. ఇంతే. బాప్తిస్మం ముంచి ఇచ్చారా చిలకరించి ఇచ్చారా, ఆరాధన శనివారమా ఆదివారమా, దశమభాగం జీతం మొత్తం మీద ఇచ్చావా పన్ను పోగా మిగిలినదాని మీదనా, ఇలా సంఘాలు చీలిపోయేంత ముఖ్యమైన ప్రశ్నలేవీ అందులో లేవు. లూకా సువార్తలో చచ్చి పాతాళంలో యాతనపడిన ధనవంతుడి నేరాన్నైనా ఎవరైనా సరిగ్గా నమోదు చేశారా అంటే అదీ లేదు. ఊదారంగు బట్టలు కట్టి రోజూ విందు చేసుకున్నాడు. వాకిట్లో లాజరు అనే బిచ్చగాడు కురుపులతో పడి ఉన్నాడు. దొంగతనం లేదు, వ్యభిచారం లేదు, పైగా యాతనలో కూడా "తండ్రివైన అబ్రాహామా" అని చక్కగా పిలిచే సంప్రదాయ కుటుంబీకుడు. గేటు దగ్గర ఒకణ్ణి చూడకుండా లోపలికి వెళ్లడమే పాతాళానికి చాలినంత నేరమైతే, మన గేటెడ్ కమ్యూనిటీల్లో ప్రార్థనా కూటములు పెట్టుకునేవారి గతేమిటి?

ఇంతటి కొరతను చూస్తూ ఊరుకోలేని ఉదారులు ప్రతి శతాబ్దంలోనూ పుట్టారు. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీ నగరానికి చెందిన క్రైస్తవ రచయిత టెర్టులియన్, క్రైస్తవులు నాటకాలకూ రథ పందేలకూ వెళ్లకూడదని నిషేధించి, అందుకు పరిహారంగా తీర్పు దినాన రాజులూ తత్వవేత్తలూ నటులూ మంటల్లో కాలే అంతకన్నా గొప్ప ప్రదర్శనను చూడవచ్చని భరోసా ఇచ్చాడు. అదే కార్తేజీలో రెండు శతాబ్దాల తరువాత బిషప్ అగస్టీన్ చేసిన ప్రయోగం మాత్రం వేదాంత చరిత్రలో సాటిలేనిది. శరీరం ఎప్పటికీ కాలుతూ కూడా నశించకుండా ఎలా ఉంటుందని సందేహించినవారికి ఆయన నెమలి మాంసాన్ని సాక్ష్యంగా చూపాడు. విందులో వడ్డించిన నెమలి రొమ్ము ముక్కను దాచిపెట్టమని చెప్పి, కొన్ని రోజులకు చూస్తే వాసన రాలేదట. ముప్ఫై రోజులు దాటాక చూసినా అంతే. ఏడాది తరువాత చూస్తే కాస్త ఎండి ముడుచుకుంది తప్ప కుళ్లలేదట. నిత్య నరకాగ్ని సాధ్యమేనని ఆ విధంగా నిరూపితమైంది. ఈ లెక్కన మన కోనసీమ ఉప్పుచేపను పరీక్షకు పెట్టి ఉంటే సిద్ధాంతం ఇంకా బలంగా నిలబడేది.

ఆ తరువాతివారిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇటలీ కవి దాంతే నరకాన్ని తొమ్మిది వలయాలుగా విభజించి, కొందరు పోపులకు కూడా స్థలం కేటాయించాడు. 1741 జూలై 8న అమెరికాలోని ఎన్‌ఫీల్డ్‌లో జోనాథన్ ఎడ్వర్డ్స్ అనే బోధకుడు, దేవుడు పాపిని సాలీడులా నిప్పుమీద పట్టుకుని ఉన్నాడని వర్ణిస్తే, శ్రోతల ఏడ్పులకు ఆయనే ప్రసంగం ఆపవలసి వచ్చింది. 1989లో అమెరికాలోని క్రైస్తవ టీవీ సంస్థ ట్రినిటీ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్, రష్యా శాస్త్రజ్ఞులు తవ్విన బావిలోంచి నరకంలోని కేకలు వినబడ్డాయని ప్రసారం చేసింది. నిజంగా తవ్విన కోలా బావి ఆ ఏడాదికి 12,262 మీటర్ల లోతుకు చేరింది. అడుగున ఉన్నది 180 డిగ్రీల వేడి, రాయి. ఆ కేకలు మాత్రం ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

మన వంతు సేవ కూడా తక్కువేమీ కాదు. మన దగ్గర కరపత్రాల మీద నరకం బొమ్మలో కొమ్ములున్న సాతాను శూలం పట్టుకుని పాపులను పొడుస్తూ ఉంటాడు. ప్రకటన గ్రంథం ఇరవయ్యవ అధ్యాయంలో అతడు అక్కడ అధికారి కాడు, అగ్నిగుండంలో పడవేయబడిన ఖైదీ. ఖైదీకి జైలరు ఉద్యోగం ఇప్పించిన ఘనత మన చిత్రకారులది. వారు చూసి పెరిగింది యమలోకం సినిమాలు గనుక వారిని తప్పుపట్టలేం. ఆ మరుసటి అధ్యాయంలో అగ్నిగుండానికి వెళ్లేవారి వరుస ఉంది. నరహంతకులకూ వ్యభిచారులకూ మాంత్రికులకూ ముందు, అందరికన్నా మొదట నిలబడ్డవారు పిరికివారు. చివర అబద్ధికులందరూ. భయపెట్టి మనుషులను చేర్చుకునే పద్ధతి ఆ మొదటివారి సంఖ్యను పెంచుతుందేమోనన్న అనుమానం నాకు అప్పుడప్పుడూ కలుగుతుంది గాని, సాక్ష్యాలు వినగానే తొలగిపోతుంది.

సాక్ష్యాలంటే యూట్యూబులో నరకానికి వెళ్లివచ్చినవారివి. వారు ఎంత వివరంగా చెబుతారు! ఏ నటుడు ఎక్కడున్నాడో, ఏ ముఖ్యమంత్రి ఏ గుంటలో ఉన్నాడో సహా చెబుతారు. వీరితో పోలిస్తే బైబిలులో చచ్చి లేచినవారు సిగ్గుపడాలి. బేతనియ లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి వచ్చాడు. అవతల ఏం చూశాడో అతడి నోట ఒక్క మాట లేదు. నాయీను విధవరాలి కొడుకు లేచి మాట్లాడసాగాడని లూకా రాశాడు గాని, ఏం మాట్లాడాడో రాయాలన్న ధ్యాస లేకపోయింది. యాయీరు కూతురు లేవగానే యేసు ఆమెను సాక్ష్యం చెప్పమనలేదు, ఆ పిల్లకు తినడానికేమైనా పెట్టండి అన్నాడు. మూడవ ఆకాశం దాకా ఎత్తబడిన మనిషి అక్కడ విన్న మాటలు పలకకూడనివని పౌలు తప్పుకున్నాడు. ఎన్ని లక్షల వీక్షణలు చేజారాయో.

పరలోకం గురించి ఒక్క ఫిర్యాదుతో సరిపెడతాను. ప్రకటన గ్రంథంలో ఆకాశం నుండి దిగివచ్చే పరిశుద్ధ పట్టణం ఒక్కో వైపు సుమారు 2,200 కిలోమీటర్లట, పన్నెండు గుమ్మాలట, వాటిని పగటివేళ ఎన్నడూ మూయరట, రాత్రి అక్కడ లేనే లేదట. అంటే ఎప్పుడూ మూయరు. తమిళనాడులోని తిరుచిరాపల్లిలో ఒక క్యాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులు వేరుగా ఉండేలా మధ్యలో గోడ కట్టారు. అంతటి దూరదృష్టి ఉన్నవారిని సంప్రదించి ఉంటే, ఆ పట్టణం నమూనా అంత నిర్లక్ష్యంగా తయారయ్యేది కాదు.

చివరగా, మన సభలన్నింటికీ మూలాధారం కాదగిన ఘట్టాన్ని బైబిలు ఎలా పాడుచేసిందో చెప్పాలి. పాతాళంలో ఉన్న ధనవంతుడు తనకు నీటిచుక్క దొరకదని తెలిశాక, తన అయిదుగురు సహోదరులైనా ఈ వేదనకరమైన స్థలానికి రాకుండా, లాజరును పంపి హెచ్చరించమని కోరాడు. నరకాన్ని చెప్పి బతికున్నవారిని భయపెట్టి మార్చుదామన్న ప్రతిపాదన అది; పెట్టింది నరకవాసి. అబ్రాహాము దాన్ని కొట్టివేశాడు. వారికి మోషే, ప్రవక్తలు ఉన్నారు, వినమను. వారి మాట విననివారు చచ్చినవాడు లేచివచ్చి చెప్పినా నమ్మరని తీర్పు చెప్పాడు. ఆ తీర్పుపై ధనవంతుడి తరఫున మన ఉపవాస కూటముల్లో, ఉజ్జీవ సభల్లో ప్రతి ఏటా అప్పీలు దాఖలవుతూనే ఉంది. మైదానంలో షామియానాలు వేస్తారు, లౌడు స్పీకర్లు కడతారు, మూడు రాత్రులు వరుసగా అగ్నిగుండాన్ని వర్ణిస్తారు. ముందు వరుసలో తెల్లగుడ్డ కప్పిన సోఫాలు వేస్తారు. అవి పెద్ద కానుకలిచ్చిన దాతలకు. అయిదుగురు సహోదరులు సతీసమేతంగా వచ్చి వాటిలో కూర్చుంటారు, వారికి శాలువాలు కప్పుతారు. లాజరు గేటు బయట చెప్పులు కాపలా కాస్తుంటాడు.