కార్డు ఇచ్చి గేటు దగ్గర ఆపుతారా?

మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలా ప్రభుత్వం మంత్రసానుల కోసం ప్రకటించిన 2015-2025 జాతీయ విధానానికి గడువు తీరిపోయింది. మాయన్ మూలవాసుల పల్లెల నుంచి గర్భిణి వెంట వచ్చిన మంత్రసానిని మాత్రం సర్కారు ఆసుపత్రులు చాలాచోట్ల ఇప్పటికీ గేటు దగ్గరే ఆపేస్తున్నాయి. ఆమె దారినపోయే మనిషేం కాదు. శిక్షణ ఇచ్చింది ఆరోగ్యశాఖ, గుర్తింపు కార్డు ఇచ్చిందీ ఆరోగ్యశాఖే. ఇంట్లో పురుడు పోస్తే ఆమె ఇచ్చిన కాగితం మీదే బిడ్డ జననం నమోదవుతుంది. బిడ్డ పుట్టిందని చెప్పడానికి పనికొచ్చిన మనిషి తల్లి పక్కన నిలబడటానికి పనికిరాదా?

లోపల జరిగేది చూడండి. వెవెతెనాంగో కొండల నుంచి పికప్ బండిలో వచ్చిన మామ్ అనే మాయన్ భాష మాట్లాడే ఆవిడకు స్పానిష్ రాదు. డోలీ వార్తలు చదివే మనకు ఆ దారి సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఉమ్మనీరు పోయిందా, ఎన్నో కాన్పు? అన్నీ స్పానిష్‌లోనే అడుగుతారు. జవాబులు తెలిసిన మంత్రసాని బయట చెట్టుకింద కూర్చుని ఉంటుంది. నేత పావడా విప్పించి వెల్లకిలా పడుకోబెడతారు. మోకాళ్ల మీద కూర్చుని కనడం ఆ ఊళ్ల అలవాటు. ఇంత అవమానం అయ్యాక మరో కాన్పుకు ఆసుపత్రి మెట్లు ఎందుకెక్కుతుంది? అక్కడ బాలింతల చావులకు మొదటి కారణం రక్తస్రావం. అది మొదలయ్యాక ఇంటి నుంచి బయల్దేరితే చేరేదెప్పుడు? 2007 నాటి జాతీయ అధ్యయనంలోనే మూలవాసుల్లో మాతృ మరణాల రేటు ఇతరులకు రెట్టింపుకు మించి ఉందని తేలింది.

వార్డుల్లో చోటు లేదని, ఇన్ఫెక్షన్ భయమని, మంత్రసానులే ఆలస్యం చేస్తారని డాక్టర్లు అంటారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆలస్యం చేయకుండా తీసుకొచ్చిన ఆమెనూ గెంటేస్తున్నారు కదా!

కాగితాల మీద లోటేమీ లేదు. మూలవాసుల హక్కుల ఒప్పందం 1995లోనే కుదిరింది. ప్రజల భాషలో సేవలందాలని 2003 జాతీయ భాషల చట్టం చెబుతోంది. 2010లో సురక్షిత మాతృత్వ చట్టం కూడా వచ్చింది. 22 మాయన్ భాషలున్న దేశంలో రాతలో ఇంత గౌరవం, గేటు దగ్గర ఈ గెంటివేత. దీన్ని నిధుల కొరత అనడం కుదరదు. మంత్రసానిని లోపలికి రానివ్వడానికి ఏ బడ్జెట్ కావాలి? చట్టం చేసిన చేత్తోనే తలుపు మూయడాన్ని మోసం అంటారు.

అధ్యక్షుడు బెర్నార్డో అరెవాలోకు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. 2023లో ఆయన గెలుపును తారుమారు చేయబోతే మూలవాసీ సంఘాలు రోడ్లు దిగ్బంధించాయి, రాజధానిలో 100 రోజులకు పైగా బైఠాయించాయి. ఆ జనంలో ఆడవాళ్లూ ఉన్నారు, మంత్రసానులూ ఉన్నారు. మళ్లీ కొత్త విధానం, కొత్త కమిటీ అంటూ మొదలుపెట్టకండి. మంత్రసానిని ఆపొద్దని ప్రతి ఆసుపత్రికీ రాతపూర్వకంగా ఉత్తర్వు పంపండి, స్థానిక భాష వచ్చిన నర్సును రాత్రి డ్యూటీలోనూ పెట్టండి. మీ కుర్చీని కాపాడటానికి పనికొచ్చిన మాయన్ మహిళ మీ ప్రసూతి వార్డుకు బరువైందంటే, సిగ్గుపడాల్సింది మీరే.