ఐదు మాంసాలు ఎందుకండీ, ఒకటి చాలదా?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేసవి పిక్నిక్‌లో మాంసాహారం ఐదు రకాలు: చికెన్ బిర్యానీ, చికెన్ 65, గోట్ కర్రీ, రొయ్యల వేపుడు, పిల్లలకని వింగ్స్. సాయంత్రం మిగిలినదంతా ట్రేలకు ట్రేలు చెత్త సంచుల్లోకి ఒంపుతుంటే కమిటీ సభ్యుడొకాయన నవ్వుతూ, "గోదారోళ్లమండీ! తక్కువైతే పరువేం కావాలి?" అన్నారు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

మా ఇంట్లో మేకమాంసం అంటే ఎప్పుడో ఓ ఆదివారం. నాన్నగారు పొద్దున్నే వెళ్లి ఒక పోగు కొని, తామరాకు పొట్లంలో తెచ్చేవారు. తినేవాళ్లు ఇంటినిండా. వేసవైతే నాయనమ్మ అందులో మాంసానికి రెండింతలు చింతచిగురు నలిపి వేసేది. చిగురు లేని రోజుల్లో గోంగూరో, దోసకాయో, ములక్కాడో. ఆ పులుపు కలిసిన ఇగురుతోనే సగం అన్నం అయిపోయేది, ముక్క చివరికి దాచుకునేవాళ్లం. మగపిల్లల కంచంలో ఓ ముక్క ఎక్కువ పడేదన్నదీ గుర్తుంది, నాయనమ్మకి ఏం మిగిలిందో ఎవరూ అడగలేదన్నదీ గుర్తుంది. మిగతా వారమంతా తోటకూరలో నాలుగు ఎండురొయ్యలు, వంకాయలో ఎండుచేప. కార్తీకంలో అవీ లేవు.

అక్కడ ఇప్పుడూ అలాగే ఉందని కాదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లకి బర్డ్ ఫ్లూ తేలినప్పుడు, మా తమ్ముడి టెన్షన్ కోళ్ల గురించి కాదు, రోజూ చికెన్ లేకుండా పిల్లలకి ఏం వండాలని! కొత్తల్లుడి ముందు వందల రకాలు పేర్చి ఫొటోలు దిగేదీ మనవాళ్లే. అది మర్యాద కాదు, ప్రదర్శన. మనం ఇక్కడికి తెచ్చుకున్నది ఆ ప్రదర్శననే.

ఇంతింత పెట్టగలుగుతున్నామంటే మాంసం చవకై కదా. బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. పెరట్లో తిరిగే నాటుకోడికి ఐదారు నెలలు పడుతుంది. ఒళ్లు అంత త్వరగా పెరిగితే కొన్ని కోళ్ల కాళ్లు ఆ బరువు మోయలేవు. రుచీ అంతే, మసాలా తీసేస్తే ఏమీ ఉండదు. అమెరికా షాపుల్లో ప్యాకెట్ మీద 'నేచురల్' అని ఉంటే అది కోడి పెరిగిన తీరు గురించి చెప్పేది కాదు. 'హార్మోన్లు వాడలేదు' అన్న ముక్క చూసి ఎక్కువ డబ్బివ్వకండి, కోళ్లకి హార్మోన్లు ఇవ్వడం ఇక్కడ ఎలాగూ నిషేధమే. పచ్చికలో తిరిగిన కోడా అని అడగండి. చిన్న ఫారాల దగ్గర గుడ్లు పెట్టి ముదిరిన పెట్ట దొరికితే వదలకండి. ఉడకడానికి చాలాసేపు పడుతుంది గానీ, పులుసు పెడితే నాటుకోడి గుర్తొస్తుంది.

ఖరీదు ఎక్కువ, నిజమే. చదువుకునే పిల్లలకి, కొత్తగా వచ్చినవాళ్లకి అది చిన్న విషయం కాదు. అందుకే రోజూ వద్దు, అప్పుడప్పుడు తిందాం అంటున్నాను. వండిన ఎర్రమాంసం (మేక, గొర్రె లాంటివి) వారానికి 350–500 గ్రాములు దాటకూడదని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ చెబుతోంది. మన ప్లేట్లలో కొన్ని ఒక్క పూటలోనే ఆ దరిదాపులకి వెళ్తున్నాయి. మాంసం తగ్గిస్తే టికెట్లు అమ్ముడుపోవన్న కోశాధికారిగారి భయం నాకు తెలుసు. ఆయన్నీ కాదనలేను.

అయినా ఒక్కసారి చూద్దాం. ఈ సంక్రాంతికి ఐదు రకాల ఖర్చు ఒక్క కోడికూర మీద పెట్టండి. కనుమనాడు మినుము తినాలంటారు కదా, పక్కన వేడి గారెలు. గోంగూర, ములక్కాడ పులుసు, వంకాయ ఎలాగూ ఉంటాయి. పప్పు నానబోసి రుబ్బించే పని నాకు వదిలేయండి. ఫారం వాళ్లకి మాత్రం ముందే చెప్పుకోవాలి, కాబట్టి దీపావళి సమావేశంలోనే ఈ సంగతి తేల్చండి.